రయ్యిమనేలోపే... క్లిక్‌!

సాయంత్రం నాలుగు దాటింది. విశాఖ ఆర్కే బీచ్‌లో ఇసుకేస్తే రాలనంత జనం. నాన్న భుజాలెక్కిన పిల్లలు, మురీ మిక్చర్‌ పొట్లాలతో కాలేజీ కుర్రాళ్లు, మెడలో బారెడు లెన్సులతో ఫొటోగ్రాఫర్లు. ‘అదిగో!’ అని ఎవరో అరుస్తారు. అందరూ అటు తిరిగేసరికే మిగ్‌-29కె దూసుకెళ్లిపోతుంది. వెనకే చెవులు చిల్లులు పడే మోత. తీరా కెమెరాలో చూసుకుంటే... ఖాళీ ఆకాశం!

1971 డిసెంబరు 4 రాత్రి మన క్షిపణి పడవలు కరాచీ రేవుపై దాడి చేశాయి. ఆ రోజునే ఏటా నౌకాదళ దినోత్సవం జరుపుకొంటున్నాం. అదే యుద్ధంలో పాకిస్థాన్‌ జలాంతర్గామి ఘాజీ మునిగింది విశాఖ తీరానికి దగ్గర్లోనే. ఆ విజయానికి గుర్తుగా బీచ్‌ రోడ్డులో స్మారకమూ ఉంది. అందుకే ఇక్కడివాళ్లకు నౌకాదళ విన్యాసాలంటే సొంతింటి పండగ.

అయితే ఈ పండగ అనుకున్న రోజుకే వస్తుందన్న భరోసా లేదు. 2022 డిసెంబరు 4న ప్రధాన విన్యాసాలు విశాఖలోనే జరిగాయి. తర్వాత 2023లో సింధుదుర్గ్‌కీ, 2024లో పూరీకీ, 2025లో తిరువనంతపురానికీ వెళ్లాయి. విశాఖవాసులు మళ్లీ 2023 డిసెంబరు 10న, ఆ తర్వాత 2025 జనవరి 4న చూడగలిగారు. అంటే, ఈసారి తప్పిపోయిన ఫొటో కోసం ఎన్నాళ్లు ఎదురుచూడాలో ఎవరూ చెప్పలేరు. అందుకే ముందుగా సిద్ధమవ్వాలి.

అర సెకను లెక్క

మామూలు డిజిటల్‌ ఎస్‌ఎల్‌ఆర్‌కు 300 ఎంఎం టెలిఫొటో లెన్సు బిగించారనుకుందాం. కిలోమీటరు దూరంలో అది చూపించే ఆకాశం వెడల్పు సుమారు 80 మీటర్లు. విమానం గంటకు 700 కిలోమీటర్ల వేగంతో వస్తే సెకనుకు దాదాపు 195 మీటర్లు వెళ్లిపోతుంది. అంటే కదలకుండా పట్టుకున్న కెమెరాలో అది కనిపించేది అర సెకను కూడా కాదు. పోనీ, దొరికినా 17 మీటర్ల మిగ్‌ ఫొటోలో ఐదో వంతు మాత్రమే ఉంటుంది. లెన్సు పెద్దదైతే విమానమూ పెద్దదవుతుంది. కానీ చూపు ఇరుకై దాన్ని పట్టుకోవడం మరింత కష్టం. కొత్తవాళ్లు 200 ఎంఎం దగ్గర మొదలుపెట్టి, విమానం దొరికాక జూమ్‌ చేసుకోవడం మేలు.

చెవుల్ని నమ్మొద్దు

మోత వినిపించిన వైపు చూస్తే మోసపోయినట్టే. శబ్దం కిలోమీటరు రావడానికి సుమారు మూడు సెకన్లు పడుతుంది. ఆలోగా విమానం అర కిలోమీటరు దాటిపోతుంది. కాబట్టి కంటిని మోతకంటే ముందుంచాలి. అసలు వేడుకకు ముందు జరిగే రిహార్సల్‌ చూస్తే ఏ విమానం ఎటునుంచి వస్తుందో తెలిసిపోతుంది. ఫొటోగ్రాఫర్లకు అంతకుమించిన పాఠం లేదు.

పాదాలు అటు... నడుము ఇటు

ఫొటో ఎక్కడ తీయాలనుకుంటున్నారో పాదాలు అటు పెట్టి నిలబడాలి. నడుము మాత్రం విమానం వచ్చే వైపు తిప్పాలి. మోచేతులు ఒంటికి ఆనించి, విమానంతోపాటే తిరుగుతూ వరసగా క్లిక్‌మనిపించాలి. క్లిక్‌మన్నాక కూడా తిరగడం ఆపకూడదు. ఖాళీ ఆకాశంలో లెన్సు ఫోకస్‌ కోసం తడుముకుంటుంది. ముందే దూరంగా సముద్రంలో ఉన్న ఓడమీద ఫోకస్‌ చేసి ఉంచుకుంటే ఆ తిప్పలు తగ్గుతాయి.

జెట్‌లకు షట్టర్‌ స్పీడ్‌ సెకనులో వెయ్యో వంతు, ఇంకా తక్కువ ఉండాలి. అదే వేగంతో చేతక్‌ హెలికాప్టర్‌ని తీస్తే రెక్కలు బిగుసుకుపోయి, దారంతో వేలాడదీసిన బొమ్మలా కనిపిస్తుంది. రెక్కలు తిరుగుతున్నట్టు రావాలంటే 250వ వంతు లేదా అంతకంటే నెమ్మది కావాలి. ప్రొపెల్లర్లున్న డోర్నియర్‌కూ అంతే.

ఆర్కే బీచ్‌లో ఓ వరం ఉంది. సాయంత్రం సూర్యుడు జనం వీపు వెనక ఉంటాడు కాబట్టి సముద్రంమీద ఎగిరే విమానంపై వెలుగు నేరుగా పడుతుంది. కానీ డిసెంబరులో ఐదున్నర కాకముందే పొద్దుగుంకుతుంది. ఐదు దాటగానే ఐఎస్‌వో పెంచుకోవాలి. ఆకాశం తెల్లగా, మసకగా ఉంటే విమానం నల్లగా వస్తుంది. ఎక్స్‌పోజర్‌ని ఒక పాయింటు పెంచితే సరి.

హద్దు దాటొద్దు

జనం కోసం జరిపే ప్రదర్శనను బీచ్‌లో నిలబడి తీసుకోవడం వేరు, రక్షణ స్థావరాల గోడలవైపు లెన్సు తిప్పడం వేరు. ఫొటోలు తీయరాదన్న బోర్డు ఉన్నచోట కెమెరాని సంచిలో పెట్టేయాలి. డ్రోన్‌ సంగతి తలపెట్టనేకూడదు. ఆ దారిలోనే పైలట్ల ప్రాణాలు ఎగురుతుంటాయి.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా వంద ఫొటోల్లో నిలిచేవి నాలుగైదే. ఆ కంగారులో చాలామంది నాన్నలు అసలు విమానాన్నే చూడరు. కాబట్టి ఒక్కసారి మాత్రం కెమెరా దించేయండి. ఆకాశంవైపే కాదు, భుజంమీద చెవులు మూసుకుని నోరెళ్లబెట్టిన మీ బుజ్జిగాడివైపూ చూడండి. ఆ ఫొటోకి టెలిఫొటో లెన్సు అక్కర్లేదు!