పెదవి విడిన తర్వాతి క్షణం

ఇంగ్లండులో పుట్టి పెరిగినవాళ్లు పెదవుల ముందు సన్నని కాగితపు ముక్క పట్టుకుని ‘పిన్’ అంటే కాగితం ఎగురుతుంది. ‘స్పిన్’ అంటే దాదాపు కదలదు. ఆంగ్ల ధ్వనిశాస్త్రం తొలి తరగతుల్లో తరచూ చేసి చూపించే ప్రయోగమిది. అదే తరగతిలో తెలుగు విద్యార్థి ఈ రెండింటిలో ఏ మాట పలికినా సాధారణంగా కాగితంలో చలనం ఉండదు. ఎందుకు ఉండదో తేల్చుకోవాలంటే ఫొనెటిక్స్, ఫోనాలజీ రెండూ కావాలి.

పెదవులు విడిన క్షణానికీ, గొంతులో స్వరతంత్రులు కంపించడం మొదలైన క్షణానికీ నడుమ కొంత వ్యవధి ఉంటుంది. భాషాశాస్త్రవేత్తలు లీ లిస్కర్, ఆర్థర్ ఏబ్రమ్సన్ దాన్ని పదకొండు భాషల్లో కొలిచి 1964లో ప్రకటించారు. విడిగా పలికిన ఆంగ్ల పదాల మొదట్లో ‘ప’కు సగటున 58 మిల్లీసెకన్లు, ‘ట’కు 70, ‘క’కు 80 వచ్చాయి. సెకనులో పదో వంతైనా లేని ఆ వ్యవధిలో వెలువడే ఊపిరే కాగితాన్ని ఎగరేస్తుంది. లిస్కర్‌కు తెలుగు కొత్త కాదు. వాడుక తెలుగు నేర్పే పుస్తకాన్ని ఆయన అంతకు ముందు ఏడాదే వెలువరించారు.

మన ‘ప’లో ఆ వ్యవధి చాలా తక్కువ. పదం మొదట్లో ఆంగ్లేయుల ‘బ’ కూడా తరచూ అంతే. అందుకే మనం ‘పిన్’ అంటే లండన్ శ్రోతకు ‘బిన్’ అని వినిపించవచ్చు. మన ‘బ’ తీరు వేరు: పెదవులు విడకముందే నాదం మొదలవుతుంది. ఒకే కాలరేఖ మీద రెండు భాషలూ వేర్వేరు చోట్ల గీత గీసుకున్నాయి. ఆ వ్యవధిని కొలిచేది ఫొనెటిక్స్. ఆ గీతతో భాష ఏ మాటను ఏ మాట నుంచి విడదీస్తోందో చెప్పేది ఫోనాలజీ.

ఆంగ్లంలో ‘ప’ ఊపిరితో వచ్చినా, ఊపిరి లేకుండా వచ్చినా వర్ణం ఒక్కటే. ఇది వింతగా తోచనక్కర్లేదు. ‘చీమ’, ‘చాప’ పలికి చూడండి. చీమలో నాలుక అంగిలికి తగులుతుంది, చాపలో పళ్ల వెనక్కు జరుగుతుంది. అచ్చతెలుగు మాటల్లో ఏ ‘చ’ రావాలో తర్వాతి అచ్చే నిర్ణయిస్తుంది. చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) ఈ తాలవ్య, దంత్య భేదాన్ని గుర్తించింది. సంస్కృత పదాలు చేరాక లెక్క చిక్కుపడింది: ‘చందమామ’లో దంత్యం, ‘చంద్రుడు’లో తాలవ్యం, రెండు చోట్లా తర్వాత ఉన్నది అకారమే. ఇంత చక్కని ఉదాహరణ విద్యార్థి నోట్లోనే ఉండగా, బ్రిటిష్ ఉచ్చారణలోని 44 వర్ణాల పట్టికను బట్టీ పట్టించి పరీక్ష పెట్టడం నన్ను నిజంగా బాధిస్తుంది. చెవికి పట్టుబడని ధ్వనికి పేరు నేర్పినంత మాత్రాన అది చదువు కాదు.

1958లో హైదరాబాదులో కేంద్ర ఆంగ్ల సంస్థ మొదలైంది. అదే నేటి ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయం (ఇఫ్లూ). కాబట్టి ఆంగ్ల ధ్వనిశాస్త్ర బోధన మనకు కొత్తగా వచ్చిందేమీ కాదు. ఇప్పుడైతే ప్రాట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో విద్యార్థి తన గొంతు తరంగాన్ని తెర మీద చూసుకుని ఆ వ్యవధిని తానే కొలుచుకోవచ్చు.

అభ్యాసం ఎక్కడ మొదలుపెట్టాలన్నది కూడా ముఖ్యమే. ‘పిన్’లోని ‘ప’ను ‘ఫ’లా ఒత్తి పలకమంటే చిక్కు వస్తుంది. ‘ఫలం’ అనేటప్పుడు మనలో చాలామంది పై పళ్లను కింది పెదవికి ఆనిస్తారు; అలా పలికితే ‘పిన్’ కాస్తా ‘ఫిన్’ అవుతుంది. ‘ఖ’లో ఆ బెడద లేదు. అందుకని ముందు ‘కిన్’ అనే మాటలో, ‘ఖ’ పలికేటప్పటి ఊపిరితో సాధన చేయించాలి. ఆ ఊపిరి పట్టుబడ్డాక పెదవులు రెండూ కలిపి ‘ప’కు రావాలి, కాగితం పెట్టుకుని.