సర్వర్ స్లో.. కానీ తప్పు సర్వర్‌ది కాదు! మీ సీపీయూ టైమ్ ఎవరు కొట్టేస్తున్నారో ఇలా తెలుస్తుంది

రిజల్ట్స్ రోజు వెబ్‌సైట్ ఓపెన్ కాదు. పండగకి టికెట్ బుక్ చేద్దామంటే పేజీ గిర్రున తిరుగుతూనే ఉంటుంది. వెంటనే మనం అనే మాట.. 'సర్వర్ డౌన్'. చాలాసార్లు అది నిజమే. కానీ కొన్నిసార్లు సర్వర్ లోపలికి వెళ్లి చూస్తే యాప్‌లో బగ్ ఉండదు, ట్రాఫిక్ కూడా మామూలే. మరి స్లో ఎందుకైంది? సమాధానం ఆ సర్వర్‌లో దొరకదు. దాని కింద నడుస్తున్న మరో ఆపరేటింగ్ సిస్టమ్‌ని అడగాలి. అదెలాగో ఇప్పుడు చూద్దాం.

సర్వర్ కింద ఇంకో సిస్టమ్ ఏంటి?

క్లౌడ్‌లో మనం అద్దెకు తీసుకునే సర్వర్లలో చాలావరకు విడి కంప్యూటర్లు కావు. ఒక పెద్ద కంప్యూటర్‌ని సాఫ్ట్‌వేర్‌తో చిన్న చిన్న వాటాలుగా చేసి ఇస్తారు. ఒక్కో వాటా ఒక్కో వర్చువల్ మెషీన్, అంటే వీఎం. అసలు కంప్యూటర్‌లో ఉండే ఆపరేటింగ్ సిస్టమ్‌ని హోస్ట్ అంటారు. వీఎం లోపల ఉండేది గెస్ట్.

లినక్స్‌లో ఈ పని చేసేది కేవీఎం. 2007 ఫిబ్రవరిలో వచ్చిన 2.6.20 వెర్షన్ నుంచి ఇది లినక్స్ కెర్నల్‌లోనే భాగం. గూగుల్ క్లౌడ్ వీఎంలు కేవీఎం మీదే నడుస్తాయి. అమెజాన్ నైట్రో సిస్టమ్‌కి కూడా ఇదే ఆధారం. అమెజాన్ 2022 నవంబర్‌లో హైదరాబాద్‌లో కూడా క్లౌడ్ రీజియన్ మొదలుపెట్టింది. అంటే ఈ టెక్నాలజీ మన ఊళ్లోనే నడుస్తోందన్నమాట.

లోపలి లెక్క ఎందుకు తప్పుతుంది?

ఉదాహరణకి హోస్ట్‌లో 8 కోర్లు ఉన్నాయనుకుందాం. దాని మీద 12 వీఎంలు, ఒక్కోదానికి 2 వర్చువల్ సీపీయూలు ఇచ్చారు. మొత్తం 24. ఉన్నవి మాత్రం 8. ఇదేం మోసం కాదు. అన్ని వీఎంలూ ఒకేసారి బిజీగా ఉండవన్న లెక్కతోనే ఇలా ఇస్తారు. సమస్యల్లా అందరూ ఒకేసారి పనిలోకి దిగినప్పుడే. 8 నడుస్తుంటే మిగతా 16 క్యూలో నిలబడాలి.

క్యూలో ఉన్న గెస్ట్‌కి తాను ఆగిపోయానన్న సంగతే తెలియదు. మత్తు ఇంజెక్షన్ ఇచ్చిన పేషెంట్ లాంటిదే ఇది. గంట గడిచిందని లేచి గడియారం చూశాకే తెలుస్తుంది. 100 మిల్లీసెకన్ల పని మధ్యలో గెస్ట్‌ని 60 మిల్లీసెకన్లు ఆపారనుకోండి. బయటి నుంచి ఎవరూ చెప్పకపోతే ఆ 60 కూడా అప్పుడు నడుస్తున్న యాప్ ఖాతాలోనే పడుతుంది. అంటే ఏ తప్పూ చేయని యాప్ మీద నింద! ఇంజినీర్ రాత్రంతా కూర్చుని కోడ్ మారుస్తాడు. కంపెనీ ఇంకా పెద్ద ప్లాన్ కొంటుంది. అసలు కారణం మాత్రం పక్క వీఎంలో ఉంటుంది.

'స్టీల్ టైమ్' అంటే ఇదే

ఇలా పోయిన టైమ్‌కి లినక్స్ పెట్టిన పేరు స్టీల్ టైమ్. అంటే దొంగిలించిన టైమ్. సర్వర్‌లో 'టాప్' కమాండ్ కొడితే సీపీయూ లైన్ చివర్లో 'ఎస్‌టీ' అని కనిపించే అంకె ఇదే.

అసలు ట్విస్ట్ ఇక్కడే ఉంది. ఈ అంకెని గెస్ట్ సొంతంగా కొలవలేదు. కేవీఎంలో గెస్ట్ తన మెమరీలో ఓ చిన్న చోటు చూపించి 'లెక్క ఇక్కడ రాయి' అని హోస్ట్‌కి చెబుతుంది. వర్చువల్ సీపీయూ ఎంతసేపు క్యూలో ఉందో హోస్ట్ కెర్నల్ అక్కడ రాస్తుంది. గెస్ట్ దాన్నే చదివి చూపిస్తుంది. హోస్ట్ ఈ సదుపాయం ఇవ్వకపోతే ఎంత ఆలస్యం జరిగినా అక్కడ కనిపించేది సున్నానే. అంటే 'ఎస్‌టీ' సున్నా ఉన్నంత మాత్రాన అంతా బాగుందని గ్యారంటీ లేదు.

హోస్ట్ కెర్నల్‌కి ఏమేం కనిపిస్తాయి?

హోస్ట్ దృష్టిలో వీఎం అంటే మామూలు ప్రోగ్రామే. ఒక్కో వర్చువల్ సీపీయూ అందులో ఒక్కో థ్రెడ్. కాబట్టి ఏ థ్రెడ్ ఎంతసేపు నడిచింది, ఎంతసేపు ఎదురుచూసింది అనే లెక్క కెర్నల్ షెడ్యూలర్ దగ్గర పక్కాగా ఉంటుంది.

రెండో ఆధారం 'వీఎం ఎగ్జిట్'లు. గెస్ట్ చాలావరకు నేరుగా ప్రాసెసర్ మీదే నడుస్తుంది. తనవల్ల కాని పని వచ్చినప్పుడు మాత్రం ఆగి, కంట్రోల్ హోస్ట్ చేతికి వస్తుంది. ఎన్నిసార్లు ఆగింది, ఎందుకు ఆగింది అన్నది 'కేవీఎం స్టాట్', 'పెర్ఫ్ కేవీఎం స్టాట్' లాంటి టూల్స్‌తో చూడొచ్చు. ఇంటెల్ మెషీన్లలో ఎక్కువగా కనిపించే కారణాలు ఇవీ..

* ఐఓ ఇన్‌స్ట్రక్షన్: డిస్క్, నెట్‌వర్క్ లాంటి డివైజ్‌లతో పని. ఇవి మరీ ఎక్కువైతే గెస్ట్ పాతకాలం డ్రైవర్లు వాడుతోందేమో చూడాలి. వర్ట్‌ఐఓ డ్రైవర్లకి మారితే చాలావరకు తగ్గుతాయి.
* ఈపీటీ వయొలేషన్: గెస్ట్ అడిగిన మెమరీ పేజీ సిద్ధంగా లేదు. వీఎం కొత్తగా ఆన్ అయినప్పుడు ఇది మామూలే. తర్వాత కూడా ఆగకుండా వస్తుంటే హోస్ట్‌లో మెమరీ సరిపోతోందా అని చూడాలి.
* ఎక్స్‌టర్నల్ ఇంటరప్ట్: బయటి నుంచి ప్రాసెసర్‌కి వచ్చిన పిలుపు. దీన్ని హోస్ట్ చూసుకోవాలి.
* హెచ్‌ఎల్‌టీ: గెస్ట్‌కి పని లేదు, పడుకుంది. రిపోర్ట్‌లో ఎక్కువ టైమ్ దీనిదే కనిపించి కొత్తవాళ్లు కంగారు పడుతుంటారు. అది ఖాళీగా ఉన్న టైమ్ మాత్రమే, జబ్బు కాదు.

బయటి లెక్కనీ గుడ్డిగా నమ్మొద్దు

హోస్ట్ లెక్క కూడా ఒక్కోసారి పొరబాటు పడేలా చేస్తుంది. గెస్ట్ పడుకోగానే కేవీఎం వెంటనే వదిలేయదు. మళ్లీ లేస్తుందేమోనని కాసేపు కాచుకుని ఉంటుంది. దీన్ని హాల్ట్ పోలింగ్ అంటారు. ఇంటెల్, ఏఎండీ మెషీన్లలో మామూలుగా దీని గరిష్ఠ పరిమితి 200 మైక్రోసెకన్లు. అప్పుడు గెస్ట్ 'ఖాళీగా ఉన్నా' అంటుంది, హోస్ట్‌లో మాత్రం సీపీయూ బిజీగా కనిపిస్తుంది. రెండూ నిజమే. అందుకే లోపలి లెక్క, బయటి లెక్క పక్కపక్కన పెట్టి చూస్తేనే అసలు విషయం బయటపడుతుంది.

మరి ప్రైవసీ సంగతేంటి?

ఇలా కొలవడానికి హోస్ట్ మీ సర్వర్‌లోకి లాగిన్ అవ్వక్కర్లేదు. ఎగ్జిట్‌లు, క్యూ టైమ్ చూస్తే చాలు, మీ డేటా చదవాల్సిన పని లేదు. కానీ మామూలు వీఎంలో హోస్ట్ తలచుకుంటే మెమరీ చదవగలదన్నదీ నిజం. ఆ భయం లేకుండా గెస్ట్ మెమరీని ఎన్‌క్రిప్ట్ చేసే ఏఎండీ ఎస్‌ఈవీ, ఇంటెల్ టీడీఎక్స్ లాంటివి వచ్చాయి. ఫోన్లలోనూ 2022లో వచ్చిన ఆండ్రాయిడ్ 13తో 'ప్రొటెక్టెడ్ కేవీఎం' పరిచయమైంది. దాన్ని సపోర్ట్ చేసే ఫోన్లలో వీఎం మెమరీని ఆండ్రాయిడ్ కూడా తొంగి చూడలేదు.

మీరేం చేయాలి?

చిన్న సైటో, యాప్ సర్వరో నడుపుతుంటే.. స్లో అయినప్పుడు కోడ్ మీద పడేముందు 'టాప్' కొట్టి 'ఎస్‌టీ' చూడండి. ఒక్క క్షణం పెరిగి తగ్గితే పర్లేదు. గంటల తరబడి ఎక్కువగానే ఉంటే టైమ్‌తో సహా స్క్రీన్‌షాట్ తీసి ప్రొవైడర్‌కి పంపండి. హోస్ట్ వైపు లెక్క చూడమని, వీఎంని వేరే హోస్ట్‌కి మార్చమని అడగండి. అయితే ముందు మీ ప్లాన్ ఒకసారి చదవండి. తక్కువ ధర ప్లాన్లు కొన్నింటిలో సీపీయూ కోటా అయిపోయినా ఈ అంకె పెరుగుతుంది. అప్పుడు పక్కవాడిని తిట్టుకుని లాభం లేదు. ఎప్పుడూ ఒకే స్పీడ్ కావాలంటే డెడికేటెడ్ సీపీయూ ప్లానే దారి.

హోస్ట్ లెక్క చూడగలిగేది మాత్రం ప్రొవైడరే. అద్దె కట్టేవాళ్లకి ఆ తలుపు తెరవరు. అందుకే అడగడం మానొద్దు.