హోప్‌టౌన్ హౌస్

హోప్‌టౌన్ హౌస్ స్కాట్లండ్ రాజధాని ఎడిన్‌బరోకు పశ్చిమాన, సౌత్ క్వీన్స్‌ఫెర్రీ పట్టణ సమీపంలో ఉన్న ఒక చారిత్రక సౌధము. ఇది హోప్ వంశీయుల నివాసము. స్కాట్లండ్ వాస్తుచరిత్రలో ప్రసిద్ధులైన సర్ విలియం బ్రూస్, విలియం ఆడమ్ ల పనితనం ఈ ఒక్క భవనంలో పక్కపక్కనే కనిపిస్తుంది. ఇది అత్యున్నతమైన 'ఏ' శ్రేణి రక్షిత కట్టడముగా నమోదై ఉన్నది.

నేపథ్యము

హోప్ వంశీయుల సంపదకు ముఖ్యాధారము దక్షిణ స్కాట్లండ్ కొండలలోని లెడ్‌హిల్స్ సీసపు గనులు. 1638లో జరిగిన ఒక వివాహ సంబంధం ద్వారా ఈ గనులు వారికి సంక్రమించాయి. ఆ గనుల కార్మికులు 1741లో తమకోసం స్థాపించుకొన్న చందాదారుల గ్రంథాలయము బ్రిటన్‌లో అటువంటి వాటిలో అతి పురాతనమైనదిగా పేరు పొందినది.

1682లో రాజు సోదరుడైన యార్క్ డ్యూక్ జేమ్స్ ప్రయాణిస్తున్న గ్లోస్టర్ అనే యుద్ధనౌక ఇంగ్లండ్ తూర్పు తీరంలో మునిగిపోయింది. మరణించినవారిలో జాన్ హోప్ ఒకడు. పడవలో తన స్థానాన్ని అతడు డ్యూక్‌కు విడిచిపెట్టాడని వంశకథనం. అప్పటికి అతని కుమారుడు చార్లెస్ పసివాడు. తల్లి లేడీ మార్గరెట్ ఆస్తిని నిర్వహించి, కుమారుని కోసం ఈ భవన నిర్మాణానికి పూనుకొన్నది. 1703లో చార్లెస్ మొదటి హోప్‌టౌన్ ఎర్ల్ అయ్యాడు.

బ్రూస్ నిర్మాణము (1699–1701)

అంతకు పూర్వం స్కాట్లండ్ ప్రభువులు ఎక్కువగా మందమైన గోడలు, చిన్న కిటికీలు కలిగిన ఎత్తైన రాతి బురుజులలో నివసించేవారు. దాడులను ఎదుర్కొనడమే వాటి ప్రధానోద్దేశము. 17వ శతాబ్దపు చివరి భాగంలో ఆ అవసరం తగ్గిపోవడంతో, సౌష్ఠవము, వెలుతురు ప్రధానంగా గల ఇళ్ళు మొదలయ్యాయి. ఈ మార్పుకు ముఖ్యకారకుడు బ్రూస్.

బ్రూస్ ఈ ఇంటిని నాలుగు భుజాలు సమానంగా ఉండే శిలువ ఆకారపు నమూనాపై రూపొందించాడు. నడుమ అష్టకోణాకారపు మెట్లగది ఉన్నది. చుట్టూ గదులు ఉండటం వలన దానికి పక్క కిటికీలకు వీలులేదు. అందువలన పైకప్పుమీద నిర్మించిన చిన్న గోపురం నుండి వెలుతురు లోనికి దిగుతుంది. మెట్ల చెక్కడపు పని అలెగ్జాండర్ ఈజాట్ చేశాడు. ఈ గది గోడలపై కనిపించే చిత్రాలు మాత్రం 1967లో విలియం మెక్‌లారెన్ వేసినవి.

ఆడమ్ విస్తరణ

భవనం పూర్తయిన ఇరవై ఏళ్ళకే ఎర్ల్ దానిని విస్తరింపదలచాడు. 1721లో విలియం ఆడమ్ పని ప్రారంభించాడు. బ్రూస్ ఇంటిని కూల్చివేయక, దాని తూర్పువైపున కొత్త ముఖభాగాన్ని చేర్చాడు. ఎత్తైన కొరింథియన్ కుడ్యస్తంభాలు, పైన పిట్టగోడ, ఇరువైపులా వంపు తిరిగిన స్తంభాల వరుసలు, వాటి చివర రెండు ఉపభవనాలు ఇందులోని ప్రధానాంశాలు. ఆడమ్ చిత్రపటంలో ఉన్న స్తంభాల ముఖమంటపము మాత్రం నిర్మాణానికి నోచుకోలేదు.

ఈ కారణంగా భవనానికి రెండు వేర్వేరు ముఖాలు ఏర్పడ్డాయి. తూర్పునుండి వచ్చేవారికి రాజప్రాసాదం వంటి ఆడమ్ కట్టడము కనిపిస్తుంది. పడమటి తోట నుండి చూచేవారికి బ్రూస్ కట్టిన నిరాడంబరమైన ఇల్లు కనిపిస్తుంది.

1748లో విలియం ఆడమ్ మరణించగా, ఆయన కుమారులు జాన్, రాబర్ట్ లు పనిని కొనసాగించారు. పసుపు, ఎరుపు విడిది గదుల లోపలి అలంకరణ వారిదే. ఎర్ర గదిలోని పాలరాతి పొయ్యిచట్రము శిల్పి రైస్‌బ్రాక్ కృతి. 1754లో రాబర్ట్ ఈ వంశానికి చెందిన చార్లెస్ హోప్‌తో కలిసి ఇటలీ యాత్రకు బయలుదేరాడు. అక్కడ ఆయన చేసిన రోమన్ కట్టడాల అధ్యయనమే తరువాతి 'ఆడమ్ శైలి'కి పునాది అయినది. 1822లో నాలుగవ జార్జి రాజు ఈ భవనాన్ని సందర్శించి, చిత్రకారుడు హెన్రీ రేబర్న్‌కు ఇక్కడే నైట్ బిరుదు ప్రదానం చేశాడు.

భారతదేశంతో సంబంధము

1936 నుండి 1943 వరకు భారత వైస్రాయిగా ఉన్న లిన్‌లిత్‌గో ప్రభువు ఈ భవనంలోనే 1887లో జన్మించి, 1952లో ఇక్కడే మరణించాడు. 1939లో భారత నాయకులను సంప్రదించకుండానే దేశాన్ని యుద్ధంలోకి దింపినది, 1942లో క్విట్ ఇండియా ఉద్యమాన్ని అణచివేసినది ఈయన ప్రభుత్వమే.

పరిరక్షణ

ఇంతటి భవనాన్ని కాపాడటం ఒక కుటుంబానికి మోయలేని భారము. ఈ కారణంగా 1974లో ఒక పరిరక్షణ ట్రస్టు ఏర్పాటై, భవనాన్ని, చారిత్రక వస్తువులను స్వీకరించినది. వేసవి నెలలలో సందర్శకులకు ప్రవేశము కలదు. ఇంటి కథకు మూలమైన గ్లోస్టర్ నౌక శిథిలాలు 2007లో సముద్రగర్భంలో దొరికాయి. ఆ విషయం 2022లో ప్రకటించబడినది.