గుల్ల వదిలింది... ఈత నేర్చింది!

వానాకాలం వచ్చిందంటే చాలు... పరకాలలో ఏ పాత ఇంటి బావి గట్టు మీద చూసినా, బాత్‌రూం గోడ మీద చూసినా నల్లగా, జిగటగా పాకే ప్రాణి ఒకటి కనిపిస్తుంది. పిల్లలు జలగ అనుకుని కేకలు పెడతారు. 'జలగ కాదు బిడ్డా, నత్తనే. గుల్ల లేదంతే. గింత ఉప్పెయ్యి, కరిగిపోతది' అంటుంది బాపమ్మ. మనవడు పరుగున వెళ్లి ఉప్పు డబ్బా తెస్తాడు. చిటికెడు ఉప్పు పడగానే ఆ నత్త మెలికలు తిరిగి, నురగలు కక్కి, కాసేపటికి ముద్దయిపోతుంది.

నిజానికి అది కరగదు. ఉప్పు దాని ఒంట్లోని నీటిని బయటికి లాగేస్తుంది. ఎండిపోయి చచ్చిపోతుందన్నమాట. చూడ్డానికి తమాషాగా ఉంటుందేమో కానీ పాపం, అంత తేలికైన చావు కాదది.

మరి ఉప్పు తగిలితేనే ప్రాణం పోయే ఈ నత్తకు ఉప్పు సముద్రంలో బోలెడంత చుట్టరికం ఉందంటే నమ్ముతారా? వాటికీ గుల్ల ఉండదు. అక్కడే పుడతాయి, అక్కడే పెరుగుతాయి. కిటుకేమిటంటే, సముద్రపు నత్తల ఒంట్లోని ద్రవాల్లో ఎంత ఉప్పు ఉంటుందో చుట్టూ ఉన్న నీళ్లలోనూ ఇంచుమించు అంతే ఉంటుంది. లోపలా బయటా సమానమైనప్పుడు నీరు ఎటూ పోదు. అదే నత్తను తెచ్చి మన చలివాగు నీళ్లలో వేస్తే కథ తిరగబడుతుంది. నీరు లోపలికి చొరబడి, ఉబ్బిపోయి చస్తుంది. ఒకరికి ఉప్పు గండం, ఇంకొకరికి మంచినీటి గండం!

ఈ సముద్రపు నత్తల్లో ఎక్కువ భాగం రాళ్ల మీదా పగడాల మీదా పాకుతూనే బతుకుతాయి. కొన్ని మాత్రం పాకడం మానేశాయి. కాలి కింద నేలే లేని నడి సముద్రంలో కాపురం పెట్టాయి.

తుపాను తెచ్చిన నీలి డ్రాగన్లు

2023 డిసెంబరు 5. మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటిన రోజు. పరకాల నుంచి సముద్రానికి 250 కిలోమీటర్లకు పైనే దూరం. అయినా సరే, తుపాను అన్న మాట వింటే ఇక్కడి పత్తి రైతుకు గుండె దడే. ఆ తుపాను వెళ్లిన కొద్దిరోజులకు చెన్నైలోని బెసెంట్ నగర్ బీచ్‌లో ఓ వింత కనిపించింది. ఇసుక మీద బొటనవేలంత కూడా లేని నీలిరంగు బొమ్మలు! రెండు పక్కలా రెక్కల్లాంటివి, వాటి చివర విసనకర్రలా విచ్చుకున్న వేళ్లు. పత్రికల్లో ఫొటోలు రాగానే 'నీలి డ్రాగన్లు' అంటూ ఒకటే ముచ్చట.

శాస్త్రవేత్తలు పెట్టిన పేరు గ్లాకస్. కెప్టెన్ కుక్ రెండో సముద్రయానంలో వెంట వెళ్లిన ఫార్‌స్టర్ 1777లో లోకానికి పరిచయం చేశాడు. గరిష్ఠంగా మూడు నాలుగు సెంటీమీటర్లు పెరుగుతుంది. గాలిని గుటకేసి పొట్టలో బుడగలా దాచుకుని సముద్రం పైపొరలో తేలుతుంది. అదీ వెల్లకిలా! పైకి కనిపించేది నిజానికి దాని అడుగు భాగమే. అది ముదురు నీలం. ఆకాశంలో ఎగిరే పక్షి కిందికి చూస్తే సముద్రపు నీలంలో కలిసిపోతుంది. కిందికి తిరిగిన వీపు వెండిరంగు. నీళ్లలోంచి చేప పైకి చూస్తే ఆకాశపు వెలుగులో కలిసిపోతుంది. రెండు వైపులా దొరకని దొంగ!

దొంగ అనడం ఊరికే కాదు. గ్లాకస్‌కు ఇష్టమైన భోజనం ఫైసాలియా. నీలి గాలిబుడగలా తేలే ఈ జీవికి కింద 10 మీటర్లకు పైగా దారాలు వేలాడుతుంటాయి. వాటి నిండా కుట్టే కణాలే. ఒక్కో కణంలో చుట్ట చుట్టిన సన్నని ముల్లు. ఏదైనా తగలగానే స్ప్రింగులా దూసుకొస్తుంది. ఒక్క దారం తగిలితే మనిషి విలవిల్లాడతాడు. గ్లాకస్ మాత్రం వాటిని మన సేమ్యాలా తినేస్తుంది. దాని ఒంటి జిగురు కొంత కాపాడుతుంది. ఇంకా పేలని ముళ్లను అరిగించుకోకుండా జీర్ణవ్యవస్థ గుండా తన వేళ్ల చివరలకు చేర్చి, అక్కడి సంచుల్లో దాచిపెట్టుకుంటుంది. తన ఒంట్లో విషం తయారుచేసే పనే లేదు, అంతా ఎత్తుకొచ్చిన సరుకే!

పిల్లలు జాగ్రత్త

ఈ సంగతి బయటపడడం వెనక కథ ఉంది. ఆస్ట్రేలియా తీరంలో స్నానాలకు దిగినవాళ్లకు గ్లాకస్‌లు కుట్టాయి. నత్త కుట్టడమేమిటని ఆరా తీసిన థామ్సన్, ఇసబెల్ బెనెట్ అనే పరిశోధకులు ఆ ముళ్లు ఫైసాలియావేనని 1969లో 'సైన్స్' పత్రికలో రాశారు. 2014లో ఇదే కుటుంబంలో మూడు కొత్త జాతులను గుర్తించినప్పుడు వాటిలో రెండింటికి వీరిద్దరి పేర్లే పెట్టారు.

కాబట్టి సెలవుల్లో విశాఖకో, బాపట్లకో, చెన్నైకో వెళ్లే కుటుంబాలు ఒకటి గుర్తుంచుకోవాలి. మనది సముద్రం లేని ఊరు. అల కనిపిస్తే చాలు, పిల్లలను పట్టడం కష్టం. ఒడ్డున నీలంగా, అందంగా ఏది కనిపించినా అరచేతిలోకి తీసుకోబోతారు. ఫైసాలియా, గ్లాకస్... గాలి ఎటు తోస్తే అటు కలిసే కొట్టుకొస్తాయి. చచ్చిపడినవాటి ముళ్లు కూడా పని చేస్తాయి. పొరపాటున కుడితే ఆ చోటును రుద్దకూడదు. సముద్రపు నీటితోనే కడగాలి. మంట తగ్గకపోయినా, ఊపిరి ఆడకపోయినా వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

బెసెంట్ నగర్ పక్కనే అడయారు నది సముద్రంలో కలుస్తుంది. గ్లాకస్‌కు దూరపు చుట్టమైన ఓ పాకే నత్తను కె.వీరభద్రరావు అనే శాస్త్రవేత్త 1950ల తొలినాళ్లలో వర్ణించి, 'అడయారెన్సిస్' అని ఆ ఊరి పేరే పెట్టారు. గుడ్డు నుంచి అది ఎదిగే తీరును 1961లో వివరించారు. ఇలాంటి సముద్రపు నత్తల పిల్లలకు పుట్టినప్పుడు చిట్టి గుల్ల ఉంటుంది. పెద్దయ్యేటప్పుడు వదిలేస్తాయి. గ్లాకస్ సైతం అంతే.

అసలైన ఈతగాడు

ఒక మాట ఒప్పుకోవాలి. గ్లాకస్ తేలుతుందే తప్ప గట్టిగా ఈదలేదు. నిజమైన ఈతగాళ్లంటే ఫిల్లిరోయిడే కుటుంబం వాళ్లే. అందులో ఫిల్లిరో అన్నది మరీ చిత్రమైనది. చూస్తే నత్త అని ఎవరూ అనుకోరు. అద్దంలా పారదర్శకమైన ఆకు... దానికి ఎద్దు కొమ్ముల్లాంటి రెండు కొమ్ములు! పెరాన్, లెసూర్ అనే ఫ్రెంచివాళ్లు 1810లో దీన్ని వర్ణిస్తూ 'ఎద్దు తల' అని అర్థం వచ్చే 'బ్యూసెఫాలా' అనే పేరు జోడించారు. ఒళ్లంతా అటూ ఇటూ ఊపుతూ అచ్చం చేపలా ఈదుతుంది. లోపలి పొట్ట, దాని కొమ్మలు బయటికే కనిపిస్తాయి. చీకట్లో కదిలిస్తే మిణుగురులా వెలుగుతుంది.

దీని ఒంటి కింద తరచూ ఓ బుల్లి జెల్లీచేప అతుక్కుని కనిపించేది. పెద్ద ప్రాణిని పట్టుకుని వేలాడుతోంది కనుక అదే నత్త రక్తం తాగే పరాన్నజీవి అనుకున్నారు పాతకాలం పండితులు. క్రోన్ అనే ఆయన 1853లో దానికి 'పారసైట్స్' అని పేరు కూడా తగిలించాడు. వందేళ్లకు పైగా ఆ జెల్లీచేప మీద ఆ నింద అలాగే ఉండిపోయింది. 1963లో మార్టిన్, బ్రింక్‌మన్ అనే పరిశోధకులు కథ మొత్తం తిరగేశారు. జెల్లీచేపను పట్టుకునేది నత్త పిల్లే! దాని గొడుగు లోపల చేరి, మెల్లగా దాన్నే తింటూ పెరుగుతుంది. పిల్ల పెద్దదవుతుంది, జెల్లీచేప చిన్నదవుతుంది. చివరికి ఎవరు ఎవరిని మోస్తున్నారో తారుమారవుతుంది. పండితులు చూసింది ఆ ఆఖరి అంకాన్ని. సగం తినేసిన విస్తరిని చూసి, అదే తిండిపోతు అనుకున్నారు!

పాకే నత్తకు ఒంటి కింద పరుచుకునే పాదం ఫిల్లిరోకు ఇంచుమించు మాయమైంది. మిగిలింది చిన్న పీల్చుడు బిళ్లంత. ఆ జెల్లీచేపను వదలకుండా పట్టుకోవడానికే అది ఇప్పుడు పనికొస్తోంది.