నల్ల బురద చేసే పని

బోగోలు మండలంలో జువ్వలదిన్నె వైపు వెళ్లి, ఉప్పుకాలువ గట్టు దిగి బురదలో కాలు పెట్టండి. పైన పలచని గోధుమరంగు పొర, దాని కింద కాటుక నలుపు. కాలు పైకి లాగితే కుళ్లిన కోడిగుడ్డు వాసన. రొయ్యల రైతుకు ఈ నలుపంటే భయం. పట్టుబడి అయ్యాక గుంట ఎండగట్టి, అడుగు దున్ని, గాలి ఆడనిస్తాడు. రొయ్య బతకాలంటే అది తప్పదు. నాకు మాత్రం ఆ నలుపు మీద గౌరవం. మనం చల్లిన విషాన్ని విప్పే జీవుల్లో కొన్ని గాలి సోకని అలాంటి చీకట్లోనే ఉంటాయి.

వయసు మళ్లిన వరి రైతు దగ్గర బీహెచ్‌సీ పురుగుమందు పొడి మాటెత్తండి, ఆ ఘాటు ఇంకా ముక్కులోనే ఉందంటాడు. ఆరు కార్బన్లకు ఆరు క్లోరిన్లు అంటుకున్న అణువు అది. మన దేశంలో 1997లో నిషేధించారు. ఎండోసల్ఫాన్‌ను 2011లో సుప్రీంకోర్టు ఆపింది. ఇలాంటి మందులు గాలి ఆడే మెట్టనేలలో ఏళ్ల తరబడి నిలిచిపోతాయి.

నీళ్లు నిలిచిన మడిలో కథ వేరు. 1966లో ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో రఘు, మెక్‌రే అనే శాస్త్రవేత్తలు నీట మునిగిన వరి మట్టిలో బీహెచ్‌సీలోని గామా రకాన్ని కలిపి చూశారు. మామూలు మట్టిలో అది తరిగిపోయింది. సూక్ష్మజీవుల్ని చంపేసిన మట్టిలో చాలావరకు అలాగే ఉండిపోయింది. అంటే పని చేసింది మట్టి కాదు, అందులోని ప్రాణులు. తర్వాత ఆ మట్టి నుంచే క్లాస్ట్రిడియం జాతి బ్యాక్టీరియాను వేరుచేశారు. మొలగొలుకులు పండించిన నెల్లూరు రైతు దమ్ము చేసి నీళ్లు కట్టినప్పుడల్లా, తనకు తెలియకుండానే అలాంటి జీవులకు చోటు చూపించాడు.

వీటిలో కొన్నిటికి ఈ విషమే ఊపిరి. మనం అన్నం నుంచి వచ్చే ఎలక్ట్రాన్లను చివరికి ఆక్సిజన్‌కు అప్పజెబుతాం. అవి క్లోరిన్ అంటిన అణువుకే అప్పజెబుతాయి. ఒక్కో క్లోరిన్ ఊడి, ఉప్పులో ఉండే మామూలు క్లోరైడై నీళ్లలో కలుస్తుంది. డ్రైక్లీనింగ్‌లో వాడే పెర్‌క్లోరోఇథిలీన్‌ను ఇలా ఇథిలీన్ దాకా విప్పే డీహాలోకాకాయిడిస్ అనే బ్యాక్టీరియాను మురుగు బురద నుంచి వేరుచేసినట్టు 1997లో కార్నెల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ప్రకటించారు. దానికి హైడ్రోజన్ కావాలి. గడ్డీ ఆకూ కుళ్లబెట్టే ఇరుగుపొరుగు బ్యాక్టీరియా అందించాలి. సరైన జీవులు లేకపోతే పని మధ్యలో ఆగి, క్యాన్సర్ తెచ్చే వినైల్ క్లోరైడ్ మిగులుతుంది. బీహెచ్‌సీలోనూ బీటా రకం అంత తేలిగ్గా లొంగదు.

ఇక మన తీరానికి ఉన్న చిక్కు ఉప్పు. సముద్రపు నీటిలో సల్ఫేటు దండిగా ఉంటుంది. దాన్ని పీల్చే బ్యాక్టీరియా హైడ్రోజన్‌ను ముందే లాగేసుకుంటుంది. ఆ కోడిగుడ్డు వాసన దానిదే. అందుకే ఉప్పు బురదలో క్లోరిన్ విప్పే పని తరచూ నెమ్మదిస్తుంది. పొలాల మురుగు నేరుగా ఉప్పుకాలువలో పడకూడదని నేననేది ఇందుకే. దారిలో తుంగ మొలిచిన మంచినీటి గుంటలో కొన్నాళ్లు నిలవాలి. ఊరి చివర అలాంటి గుంట ఉంటే, కంపు కొడుతోందని పూడ్చేయకండి.