పేరులేని పరాయివాడు

జనుల నడుమ నుండియు నెవరికిని చెందని యొంటరి నాయకుడు ఆధునిక నవలలలో తరచుగా గన్పట్టుచుండును. అట్టివారిలో ప్రసిద్ధుడు మెర్సో. ఆల్బేర్ కామూ 1942లో ఫ్రెంచి భాషలో ప్రకటించిన 'పరాయివాడు' అను నవలకు నాయకుడితడు; ఆల్జియర్సు నగరమున గుమాస్తా.

ఎండ మండు సముద్రతీరమున నీతడొక అరబ్బును కాల్చి చంపెను. న్యాయస్థానమున నా హత్యకన్న, తల్లి యంత్యక్రియలనాడు కంట తడిపెట్టకుండుటయే ఘోరాపరాధముగా వాదింపబడెను. లేని దుఃఖమును నటింపనివానిని లోకము వెలివేయునని గ్రంథకర్త భావము.

ఈ నవల చదివి నేను మెర్సోకై వగచితిని. కాని చచ్చినవాని పేరేమి? గ్రంథమందెచ్చటను లేదు. ఏండ్లకొలది బడిలో హాజరుపట్టీ చూచి పేర్లు పిలిచిన నాకే యా లోపము తోపలేదు.

నాడు అల్జీరియా ఫ్రెంచివారి యేలుబడిలో నుండెను, 1962లో స్వతంత్రమయ్యెను. తాను పుట్టిన గడ్డమీదనే యా హతుడు పేరునకును నోచుకొనలేదు. 2013లో అల్జీరియా రచయిత కామెల్ దావూద్ వేఱొక నవల వ్రాసి, హతుని తమ్మునిచేత కథ చెప్పించి, ఆ హతునికి మూసా యని పేరిడెను.

తన యొంటరితనమును చెప్పుకొనుటకు మెర్సోకు నోరైన నున్నది. నోరును పేరును లేనివాడే నిజమైన పరాయివాడు. కావున కథ చదువునపుడు నాయకుని దుఃఖముకడనే యాగక, అంచున నిలిచినవాని పేరడుగుడు.