తాగుడుకు విటమిన్ మాత్ర విరుగుడా?

మద్యం కాలేయానికి చేరగానే ఎంజైములు దాన్ని అసిటాల్డిహైడ్ అనే విషపదార్థంగా మారుస్తాయి. రోజూ తాగేవారిలో సైటోక్రోమ్ 2ఈ1 అనే మరో ఎంజైము కూడా జోరందుకుంటుంది. దాని పనిలో పుట్టే ఫ్రీ రాడికల్స్ కణాల పొరల్లోని కొవ్వును దెబ్బతీస్తాయి. వాటిని అణచాల్సిన గ్లూటాథయోన్ నిల్వలేమో తరిగిపోతాయి. దీన్నే ఆక్సీకరణ ఒత్తిడి అంటారు.

మరి యాంటీ ఆక్సిడెంట్ విటమిన్లు మింగితే సరిపోదా?

తాగుబోతుల కాలేయంలో విటమిన్ ఎ నిల్వలు తగ్గుతాయన్నది నిజమే. కానీ న్యూయార్క్‌లో చార్లెస్ లీబర్ బృందం మద్యంతో పాటు, శరీరంలో విటమిన్ ఎగా మారే బీటా కెరోటిన్ ఇచ్చిన బబూన్ కోతుల్లో కాలేయ నష్టం తగ్గకపోగా పెరిగింది. మద్యం వల్ల వచ్చే హెపటైటిస్ రోగులకు విటమిన్ ఇ ఇచ్చి చూసినా చెప్పుకోదగ్గ మేలు కనిపించలేదు.

కొంత ఆశ చూపింది గ్లూటాథయోన్ తయారీకి ముడిసరుకైన ఎన్-అసిటైల్ సిస్టీన్. 2011లో ఫ్రాన్స్ వైద్యులు మద్యం వల్ల తీవ్రమైన హెపటైటిస్ వచ్చిన 174 మందిపై పరీక్ష జరిపారు. ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మందుతో పాటు దీన్నీ ఇచ్చినవారిలో నెలలోపు మరణాలు 8 శాతం. ప్రెడ్నిసొలోన్ మాత్రమే ఇచ్చినవారిలో 24 శాతం. ఆరు నెలలకు ఆ తేడా గణాంకపరంగా నిలవలేదు.

అందుకే వైద్యులు ముందుగా మద్యం మాన్పిస్తారు, పోషకాహారం అందిస్తారు. లోపం బయటపడిన విటమిన్లనే తగిన మోతాదులో రాస్తారు.